పటము చూచి ఆసుపత్రి కట్టవలెను

లక్డీకాపూలు అనగా కొయ్యవంతెన. కొయ్య పోయి చిరకాలమైనది. పేరు మిగిలినది, క్రింద రైలుమార్గము మిగిలినది. ఉదయము ఎనిమిది గంటల వేళ ఆ వంతెన దాపున కొంతసేపు నిలిచిన వారికి, ఏ నివేదికయు అంత స్పష్టముగా చెప్పలేని విషయమొకటి కన్నులకు కట్టును. బిడ్డలను భుజమున వేసికొన్న తల్లులు, చేత కాగితముల సంచి పట్టుకొన్న వృద్ధులు బస్సు దిగి దారి యడుగుచుందురు. వీరిలో కొందఱు 1953లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రికి, కొందఱు 1955 నాటి మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికి పోవలసినవారు. మఱికొందఱు ఇంకను ముందునకు సాగి పంజాగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థను చేరవలసినవారు. పాలమూరునుండి వచ్చినవారు కలరు, మెదకునుండి వచ్చినవారు కలరు. ఆదిలాబాదునుండి రాత్రియంతయు బస్సులో కూర్చుండి వచ్చినవారును కలరు.

ఇన్ని పెద్ద ఆసుపత్రులు ఈ కొలది కిలోమీటర్ల బాటమీదనే యేల యున్నవి? వీనిని కట్టించినవారిని తప్పుపట్టుటకు కాదు ఈ ప్రశ్న. వారు కట్టించిననాడు పట్టణము చిన్నది. ఈ చోటు అందఱకును అందుబాటున నుండెను. తరువాత పట్టణము నాలుగు దిక్కుల ప్రాకినది, ఆసుపత్రి కదలలేదు. ఒకటి యున్నచోటికి రెండవది, రెండవది యున్నచోటికి మందులకొట్లు, పరీక్షశాలలు, ప్రైవేటు వైద్యాలయములు వచ్చి చేరినవి. నగరపు అంచున నుండు కూలివానికి మాత్రము దూరము ఏటేట పెరుగుచు వచ్చినది. ఈ దూరమును కొలిచి చూపగల సాధనము నేడు మనకు కలదు. దానిని భౌగోళిక సమాచార వ్యవస్థ యని పండితులును, జి.ఐ.యస్. అని ఉద్యోగులును పిలుచుచున్నారు. పేరు పెద్దదైనను సంగతి కఠినమైనది కాదు.

మన గ్రామములలో కరణము వద్ద పటమొకటి, పహాణీ యొకటి యుండెడివి. పటము హద్దులు చూపును; పహాణీ ఆ భూమి యెవరిదో, ఏ పంట వేసిరో చెప్పును. సర్వే నెంబరు ఈ రెంటిని ముడివేయును. భూస్వాములైన మన పాఠకులకు ఇంతకంటె వివరింప నక్కఱ లేదు. భౌగోళిక సమాచార వ్యవస్థ యన్నది ఈ ముడియే, కంప్యూటరులో వేసినది. ఇండ్ల పటము ఒక పొర, వీథుల పటము ఒక పొర, మురుగుకాలువలు ఒక పొర, జనసంఖ్య ఒక పొర, ఆసుపత్రులు ఒక పొర. ఒకదానిమీద నొకటి పఱచి చూచినచో విడివిడిగా చూచినపుడు కానరాని సంబంధములు కానవచ్చును. ఈ పద్ధతిని కెనడా దేశపు ప్రభుత్వము 1963 ప్రాంతమున, రోజర్ టాంలిన్సన్ అను భూగోళశాస్త్రజ్ఞుని యాజమాన్యమున, తన అడవులను భూములను లెక్కించుకొనుటకు మొదలిడినది. యంత్రము పుట్టకముందే తలంపు పుట్టినది. 1854లో లండను నగరమున కలరా వ్యాపించినపుడు జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను పటముమీద గుర్తించి చూచెను. గుర్తులన్నియు బ్రాడ్ వీథిలోని ఒక నీటిపంపు చుట్టు మూగియుండెను. ఆ పంపు పిడిని ఊడదీయించిరి.

మన నగరమును పటముయొక్క ప్రయోజనమును దుఃఖముననే నేర్చుకొన్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనమును పొట్టన బెట్టుకొన్నది. మృతులు పదునైదువేలని చరిత్రకారులు సాధారణముగా చెప్పుదురు. మఱుసటి యేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ప్రభుత్వమువారు పిలిపించిరి. నదీతీరమున గోడ కట్టించి పోవుటతో ఆయన తృప్తి చెందలేదు. నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రదేశమునంతటిని పరిశీలించెను. అందు 780కి పైగా చెరువులున్నవనియు, ఆ వరదలో 220కి పైగా తెగినవనియు లెక్క తేల్చెను. ఒక చెరువు తెగి క్రింది చెరువును తెంచుచు, అది మఱియొకదానిని తెంచుచు నీరు నగరముమీద పడినదన్నమాట. పట్టణమున కూర్చుండి పట్టణమును మాత్రమే చూచినవారికి ఈ కారణము ఎన్నటికిని దొరకదు. ఆయన సలహామీదనే మూసీపై ఉస్మాన్ సాగరమును 1920 నాటికిని, ఈసీపై హిమాయత్ సాగరమును 1927 నాటికిని పూర్తి చేసిరి.

ఆ వరద తరువాతనే లియొనార్డ్ మన్ అను ఇంజనీరు చేతిమీదుగా నగరమునంతటిని కొలిపించిరి. 1915 నాటికి వెలువడిన ఆ పటములు నేటికిని పరిశోధకులకు ప్రాణసమానములు. ఇంటింటిని, సందుసందును ఏబదియడుగులకు అంగుళము చొప్పున గీచినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి వెడల్పు చేసిన వీథులకును, ఎత్తివేసిన ఇఱుకువాడలకును ఇట్టి కొలతలే ఆధారము. రాజుగారి పాలనమున ప్రజలకు ఓటు లేకపోయినను పటమైనను ఉండెను. ఈ మాట వెటకారముగా తోపవచ్చును గాని, ఓటు లభించిన తరువాత ఇన్ని దశాబ్దములకు మన కాలువల సంపూర్ణమైన పటము సామాన్యుని కంటబడకుండుట అంతకంటె పెద్ద వెటకారము.

మన కొఱత విద్యలో లేదు. భారతదేశమున పటవిద్యకు హైదరాబాదు ఒక కాశి వంటిది. ఉప్పలులో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణాలయము 1967నుండి దేశమునలుమూలల ఉద్యోగులకు కొలతలు నేర్పుచున్నది. 1974లో జాతీయ దూరసంవేదన సంస్థ ఇచ్చటనే వెలసినది. నేడది ఇస్రోలో భాగమై బాలానగరునుండి పనిచేయుచున్నది. 1988 మార్చి 17వ తేదీన మన మొదటి దూరసంవేదన ఉపగ్రహము ఐ.ఆర్.యస్.-1ఏ ఆకాశమునకు పోయినది మొదలు, దేశపు పంటలను, అడవులను, వరదలను చూపెడి చిత్రములను షాద్‌నగరు దాపున అందుకొనుచున్నారు. 2009లో భువన్ అను పటమును ఎల్లరు చూచునట్లు తెఱచిరి. రాష్ట్రప్రభుత్వపు దూరసంవేదన కేంద్రము సంగతి చెప్పవలెనన్న, అది అమీర్‌పేటలోని స్వర్ణజయంతి భవనమున నెలకొన్నది. దానికి కూతవేటు దూరమున మైత్రీవనము చుట్టునున్న మేడలలో కంప్యూటరువిద్య నేర్చుకొనుటకు జిల్లాలనుండి వచ్చిన యువకులు వేలకొలది గదులలో కిక్కిరిసియుందురు.

అట్టి మైత్రీవనము కూడలియే గట్టి వాన కురిసిన సాయంకాలము చెరువగును. మేడమీద ఉపగ్రహచిత్రము, క్రింద మోకాలిలోతు నీరు! బంజారాకొండలమీద పడిన నీరు పంజాగుట్ట, ఖైరతాబాదు ప్రక్కగా బల్కాపూరు నాలాలో పడి హుస్సేన్ సాగరమునకు చేరవలెను. కొండ యెత్తెంత, పల్లమెంత, దారిలో నాలా వెడల్పెంత, ఎచ్చట ఎవరి ప్రహరీ దానిని కుదించినది అన్నవి పొరలుగా పఱచి చూచినచో నీరు ఎచ్చట నిలుచునో వాన రాకముందే చెప్పవచ్చును. 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన ఒక్కదినమున 24 సెంటీమీటర్ల వాన కురిసి బేగంపేట, అమీర్‌పేట ప్రాంతములు మునిగిన పిమ్మట, 2003లో వాననీటికాలువలమీద ఒక పెద్ద నివేదిక తయారయినది. నాలాలను ఎంతెంత వెడల్పు చేయవలెనో అందు చెప్పిరి. 2020 అక్టోబరులో మరల నగరము మునిగినపుడు ఆ నివేదికనే మరల తీసి చూచిరి. 2021లో నాలాల అభివృద్ధి పథకమొకటి ఆరంభమైనది. నివేదికకును పలుగుపాఱకును నడుమ ఇంచుమించు పదునెనిమిది సంవత్సరములు గడచినవి. ఇంతకాలములో నాలా అంచున ఎన్ని క్రొత్త గోడలు లేచినవో లెక్కించుటకు కూడ పటమే కావలెను.

ఈ వ్యాసకర్తకు కలిగిన అనుభవమొకటి ఇచ్చట చెప్పుట అప్రస్తుతము కాదనుకొందును. మా వీథిలోని మురుగుకాలువ ఏటేట పొంగుచుండగా దాని పటము చూడవలెనని ఒక కార్యాలయమునకు పోయితిని. గుమాస్తాగారు మర్యాదగానే కూర్చుండబెట్టి, "అయ్యా, పటము పై ఆఫీసులో ఉన్నదండీ; ఉన్నను బయటివారికి చూపరు" అనిరి. పై ఆఫీసులో విచారింపగా క్రింది ఆఫీసులోనే ఉన్నదనిరి. మూడవమాఱు పోయి వచ్చుచుండగా వరండాలో బీడీ కాల్చుచున్న ముసలి మేస్త్రీ నన్ను పిలిచి, "పటం ఏం చేస్కుంటరు సారూ, నేను చూపిస్త రాండ్రి" అని వెంటబెట్టుకొని వచ్చెను. ఏ గుంత క్రింద ఏ గొట్టము పోవుచున్నదో, ఏ యేట ఎవరి అరుగు క్రింద దానిని త్రిప్పిరో, కాలితో నేల తట్టి చూపెను. ముప్పదియేండ్ల పటము ఆయన తలలో నున్నది. మఱుసటి సంవత్సరము ఆయన ఉద్యోగము విరమించెను. మా వీథి పటము ఆయనతోపాటు ఇంటికి పోయినది.

ఇక ఆసుపత్రుల విషయమునకు వత్తము. సాధారణముగా చేయుచున్నదేమనగా, పటముమీద ఆసుపత్రి చుట్టు ఒక వలయము గీచి, ఇందలి జనులందఱకును వైద్యము అందుబాటున నున్నదని చెప్పుట. కాకి యెగిరెడి దూరమునకును మనుష్యుడు నడచు దూరమునకును ఉన్న భేదము తెలియవలెనన్న లక్డీకాపూలుననే చూడవచ్చును. రైలుపట్టాలకు ఒకవైపున నున్న యింటికి రెండవవైపున నున్న వైద్యాలయము పటముమీద అరఅంగుళము. నడచువానికి వంతెన ఎంత దూరముననుండిన అంత చుట్టు. నాలాయు అంతే, మిలిటరీవారి గోడయు అంతే, గర్భిణియైన స్త్రీ దాటలేని ఆఱువరుసల రోడ్డును అంతే. కావున చక్కని పటము వలయములు గీయదు. వీథులవెంట, వంతెనలవెంట, బస్సు వచ్చు వేళలనుబట్టి ఎన్ని నిమిషములు పట్టునో లెక్కవేయును. ఈ లెక్క కంప్యూటరునకు చిటికెలోని పని. లెక్కవేయుమని దానికి ఎవరైన చెప్పవలెను గదా!

అప్పటికిని యంత్రము తేల్చలేని సంగతి యొకటి యున్నది. క్రొత్త వైద్యాలయములను ఎచ్చటెచ్చట పెట్టవలెనని అడిగినచో యంత్రము మనలనే తిరిగి ప్రశ్నించును: జనులందఱి నడకను కూడి చూచినపుడు ఆ మొత్తము మిక్కిలి తక్కువ కావలెనా, లేక ఏ యొక్కడును ఫలాని దూరమునకు మించి నడువకుండవలెనా? మొదటి దానిని కోరినచో వైద్యాలయములన్నియు జనము క్రిక్కిరిసిన నడిబొడ్డున చేరును. అంచున నుండు నలువది గుడిసెలవారు మొత్తములో చిన్న భిన్నమై మఱుగుపడుదురు. రెండవదానిని కోరినచో వారికొక గదియు ఒక దాదియు లభించును గాని, నడిబొడ్డున వరుస పొడుగగును. ఇది న్యాయమునకు సంబంధించిన ప్రశ్న. గణితమునకు సంబంధించినది కాదు. దీనిని ఇంజనీరులకు వదలి పెట్టుట తగదు. శాసనసభలోను మునిసిపల్ సభలోను ప్రజాప్రతినిధులు నోరువిప్పి చెప్పవలసిన జవాబు ఇది.

2018 ఏప్రిల్ నెలలో మొదలయిన బస్తీ దవాఖానాలను ఈ దృష్టితో చూడవచ్చును. అయిదారువేలనుండి పదివేల జనమునకు ఒకటి చొప్పున, పేదల వాడలలోనే వైద్యుని కూర్చుండబెట్టవలెనన్న తలంపు ప్రశంసింపదగినది. జ్వరమునకు నీలోఫరు దాక పోవలసిన అవస్థ కొంత తగ్గినది. అయితే స్థలము దొరకని నగరము గావున పలుచోట్ల మునిసిపాలిటీవారి సామాజిక భవనములయందే వానిని తెఱచిరి. గది యున్నచోట వైద్యుడు. గది లేనిచోట లేడు. మిక్కిలి ఇఱుకైన, మిక్కిలి పేదయైన వాడకు సామాజిక భవనమే యుండదు గదా! తెఱచినవానిని తప్పుపట్టక, తెఱచిన పిమ్మట పటముమీద గుర్తించి, మిగిలిన ఖాళీలను చూచి, అచ్చట అద్దెయిల్లైన తీసికొని పూరించుట తరువాతి పని. ఆ ఖాళీల పటమును వార్డువారీగా ప్రకటించినచో, ఏ వాడకు రాలేదో ఆ వాడవారే వచ్చి అడుగుదురు.

మంచి ఉదాహరణ లేకపోలేదు. 2005 ఆగస్టు 15వ తేదీన మన నగరమునుండియే 108 నెంబరు అంబులెన్సులు బయలుదేరినవి. వాహనము ఆసుపత్రి గుమ్మమున నిలిచి పిలుపునకై ఎదురుచూడలేదు. ప్రమాదములు ఎచ్చట ఎక్కువ జరుగునో, ఏ వేళ ఎచ్చటినుండి పిలుపులు వచ్చునో గుర్తించి, ఆ చోటులకు దాపున దానిని నిలిపిరి. ఏ రోడ్డుమీద ఏ వాహనమున్నదో ఒకచోట కూర్చుండి చూచుటకు వీలు కల్పించిరి. ఈ పద్ధతి తరువాత పెక్కు రాష్ట్రములకు ప్రాకినది. వాహనమును పటము చూచి నిలుపనేర్చినవారు ఆసుపత్రిని పటము చూచి నిలుపలేకపోవుటకు ఒకటే కారణము కనబడుచున్నది. అంబులెన్సునకు శిలాఫలకము లేదు.

2022 ఏప్రిల్‌లో ఆల్వాలు, కొత్తపేట, ఎఱ్ఱగడ్డలలో మూడు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకు శంకుస్థాపన చేసిరి. నగరమునకు ఉత్తరమున ఒకటి, తూర్పున ఒకటి, పడమట ఒకటి యను యోచన లక్డీకాపూలు బరువును దింపుటకే. ఎఱ్ఱగడ్డను గూర్చి సందేహపడువారు కలరు. మెట్రోరైలులో అచ్చటినుండి పంజాగుట్ట నాలుగవ స్టేషనే గదా, ఉన్నదాని ప్రక్కనే మఱియొకటి యేల యని. సంగారెడ్డి, జహీరాబాదు వైపునుండి బస్సులో వచ్చువానికి ముందుగా తగులునది ఎఱ్ఱగడ్డయే యని సమాధానము. రెండు మాటలును సబబుగానే యున్నవి. కాని ఈ వాదము శంకుస్థాపనకు ముందు, ప్రయాణకాలముల పటమును ఎదుట బెట్టుకొని జరుగవలసినది. మూడు స్థలములలో ఎఱ్ఱగడ్డకు పాత ఛాతీ ఆసుపత్రి ఆవరణయు, కొత్తపేటకు గడ్డిఅన్నారపు పండ్లమార్కెట్టు స్థలమును దొరకినవి. ప్రభుత్వభూమి దొరకుటయే పెద్ద కారణమని ఊహించుట తప్పుకాదు.

మఱియొక లోపమును చెప్పక తప్పదు. పటము క్రొత్తది, దానిలో పోయు లెక్క పాతది. 1881 మొదలు పదియేండ్లకొకసారి తప్పక జరిగిన జనగణన 2011 తరువాత 2021లో జరుగలేదు. 2007లో పండ్రెండు మునిసిపాలిటీలను కలుపుకొని మహానగరపాలక సంస్థ యేర్పడిన తరువాత నగరపు అంచులు ఎట్లు నిండినవో కండ్లున్న వారందఱు చూచిరి. పట్టణమున ఏబదివేలమందికి ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము అను నియమమును 2011 లెక్కతో కొలిచినచో, అప్పటికి బీడుగానుండి ఇప్పుడు మేడలతోను, మేడలు కట్టువారి రేకుల గుడిసెలతోను నిండిన చోటికి వచ్చునది సున్న. ఉపగ్రహము ఇంటి కప్పును చూపగలదు. కప్పు క్రింద ఎందఱున్నారో చూపలేదు. ఒకే తలుపు నెంబరునకు గీతమీద గీత గీచి పదిళ్లు వెలసిన మన వాడలలో ఆ సంగతి తపాలావానికి తెలియును, రేషనుదుకాణదారునకు తెలియును. వారు చెప్పునది పటములో ఎక్కవలెను.

ఇన్ని అడ్డంకులున్నవని విన్నవించు ప్రభుత్వశాఖలు ఒక పనికి మాత్రము వెనుదీయలేదు. 2024లో నగరపాలకసంస్థవారు డ్రోనులతోను, ఉపగ్రహచిత్రములతోను, ఇంటింటి విచారణతోను ఆస్తుల సర్వేకు పూనుకొనిరి. ఏ యింటికి ఎన్ని అంతస్తులు, ఎంత పన్ను, ఎంత ఎగవేత యన్నది తేలును. పన్ను కట్టవలసినదే, ఎగవేతదారుని పక్షమున మేము వాదింపము. కాని పన్నుకు పనికివచ్చిన పటము వైద్యమునకును, పాఠశాలకును, నాలాకును ఏల పనికిరాదు? అదే యిల్లు, అదే వీథి, అదే కొలత. పొర యొకటి మార్చవలె నంతే.

పటమనునది మన దేశమున మొదటినుండియు పాలకుని చేతిలోని వస్తువు. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు దాపున కొలతగొలుసు పఱచినది మొదలు ఆ కొలతలు సైన్యమునకును, శిస్తునకును పనికివచ్చినవి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ దేశరక్షణ పేరిట చాల పటములు తాళముక్రిందనే యుండిపోయినవి. 2021 ఫిబ్రవరి 15వ తేదీన కేంద్రప్రభుత్వము ఆ కట్టుబాట్లను సడలించినది. 2022లో జాతీయ విధానమును ప్రకటించినది. ప్రజాధనముతో తయారైన పటము ప్రజలకు అందవలెనన్నది ఆ విధానపు సారము. ఢిల్లీలో సడలిన తాళము వార్డు కార్యాలయపు బీరువాకు ఇంకను వ్రేలాడుచున్నది.

దానిని తీయుటకు పెద్ద ఖర్చు లేదు. ప్రతి వార్డు కార్యాలయపు గోడమీద ఆ వార్డు పటమొకటి వ్రేలాడదీయవలెను. నాలాలు, మురుగుగొట్టములు, నీటిగొట్టములు, పాఠశాలలు, దవాఖానాలు, అంగన్వాడీలు అందుండవలెను; ప్రతియేట వానకాలమునకు ముందు దానిని సరిదిద్దవలెను. ఉద్యోగము విరమింపనున్న మేస్త్రీలను, లైనుమెన్లను ఒక నెలపాటు పటము ముందర కూర్చుండబెట్టి వారి తలలో నున్నదానిని ఎక్కించుకొనవలెను. అమీర్‌పేట మేడలలో ఉద్యోగమునకై నిరీక్షించుచున్న యువకులకు ఇంతకంటె తగిన పని యేమున్నది? క్రొత్త ఆసుపత్రికి స్థలము నిర్ణయించుటకు ముందు, ఏ మండలమునుండి అచ్చటికి బస్సులో ఎన్ని గంటలు పట్టునో చూపెడి పటమును పత్రికలలో ప్రకటించి, ఆక్షేపణలకు ముప్పది దినములు గడువీయవలెను. రోడ్డు వెడల్పునకు భూమి తీసికొనునపుడు మాకట్టి నోటీసు వచ్చుచున్నది. వైద్యమును దూరము చేయునపుడును రావలెను గదా.